ఆ వారంలో అన్న మాట

మా ఇంట్లో నా మాటకు నెలలో మూడు వారాలే చెల్లుబాటు. నాలుగో వారంలో ఇల్లు అంటుకుందని అరిచినా ముందు నా చేతి వైపు చూస్తారు, ఆ తర్వాతే పొగ వైపు చూస్తారు.

చేతి వైపు ఎందుకంటే, నెలసరికి ముందు నా వేళ్ళు ఉబ్బుతాయి. ఉంగరం బిగుసుకుపోతుంది. సబ్బు రాసి దాన్ని లాగి, వంటగది కిటికీకి ఉన్న కొక్కేనికి తగిలిస్తాను. అక్కడ ఉంగరం వేలాడుతోందంటే ఇంటిల్లిపాదికీ కబురు అందినట్టే. మా అత్తగారు గిన్నెలు చప్పుడు కాకుండా దించుతుంది. మా ఆయన నాతో మాట్లాడాల్సినవన్నీ వచ్చే వారానికి వాయిదా వేస్తాడు. బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఏమీ అనరు. మీసం కింద నవ్వుకుంటారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

వాళ్ళదే తప్పని కూడా అనలేను. ఆ రోజుల్లో నేను నేను కాదు. తల పట్టేస్తుంది, ఒళ్ళంతా బరువెక్కుతుంది, నిద్ర పట్టదు, చేతిలోంచి చెంచా జారినా ఏడుపొస్తుంది. అన్నిటికన్నా చెడ్డది అనుమానం. పక్కింటావిడ పలకరించకపోతే నా గురించి ఏదో విందనుకుంటాను. పలకరిస్తే ఏదో కావాలి కాబోలు అనుకుంటాను. మా ఆయన ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్తే, లోపల సిగ్నల్ ఉండదని తెలిసి కూడా, తలుపు వెనక నిలబడి వింటాను. నెలసరి రాగానే ఇదంతా ఎవరో చెరిపేసినట్టు పోతుంది. అన్న మాటలు మాత్రం మిగులుతాయి, వాటికి సిగ్గుపడటానికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది.

ఇది ఇంటి గడప దాటని సంగతైతే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. కానీ మా ఇల్లూ పనీ ఒకటే. కింద కార్లకు రంగులు వేసే షెడ్డు, పైన మేము. సొట్టలు తీసేది మా ఆయన. సరుకు కొనడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం బావగారి వంతు. ఆయన ఒంటరి మనిషి, మేడ మీద చివరి గది ఆయనది, భోజనం మాతోనే. స్ప్రే గన్ను పట్టేది పెయింటరు, నోట్లో నాలుక లేని మనిషి. రంగు కలిపేది నేను.

రంగు కలపడం అంటే డబ్బా మీద అంకె చూసి వంచెయ్యడం అనుకుంటారు చాలామంది. ఒకే అంకె ఉన్న రెండు కార్లు నాలుగు ఎండలు తిరిగితే రెండు రంగులవుతాయి. కొత్తగా వేసిన తలుపు ఆ పాత ఒంటితో కలిసిపోవాలి. అందుకని ముందు చిన్న రేకు ముక్క మీద రంగు కొట్టి, ఆరబెట్టి, పగటి వెలుగులో కారు పక్కన పెట్టి చూస్తాం. ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకు వంగి ఒకసారి. వెండి రంగులో ఈ వంగి చూడటమే అసలు పని. ఎదురుగా అచ్చు గుద్దినట్టున్నది, వంగితే వేరే మనిషి ముఖంలా కనిపిస్తుంది.

ఆ వానాకాలం మొదట్లో ఒక టాక్సీల యజమాని తన బళ్ళన్నీ మాకు అప్పజెప్పాడు. అన్నీ వెండి రంగువి. తడి రోడ్ల మీద జారి, ఒకదాన్నొకటి రాసుకుని వరసగా వచ్చేవి. అంత పెద్ద పని మా షెడ్డుకు అదివరకు రాలేదు. బావగారు ఉత్సాహపడి కొత్త డీలరు దగ్గర నుంచి వెండి రంగు డబ్బాలు ఒక్కసారే తెప్పించారు.

మొదటి డబ్బా మూత తీసి, బాగా కలిపి, రేకు మీద కొట్టి చూశాను. ఎదురుగా బాగానే ఉంది. వంగి చూస్తే నల్లబడింది.

"బావగారూ, ఇది మన వెండి కాదు. పక్క నుంచి చూడండి, మసి పూసినట్టుంది."

ఆయన రేకు అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. "బానే ఉందమ్మా. వాన వెలుతురు, అలాగే ఉంటుంది."

"వాన వెలుతురు నాకు కొత్తా? డబ్బాలు వెనక్కి పంపించండి."

ఆయన నా చేతి వైపు చూశారు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఏరా, వంటింట్లో కొక్కెం ఖాళీగానే ఉందా?" అన్నారు.

మా ఆయన సుత్తి ఆపి, నవ్వు దాచుకోవడానికి ముక్కు రుద్దుకున్నాడు. పెయింటరు తల వంచుకున్నాడు. కొక్కెం ఖాళీగా లేదు. పొద్దున్నే ఉంగరం తగిలించి వచ్చాను.

"పైకెళ్ళి కాసేపు పడుకో," అన్నాడు మా ఆయన, మెల్లగానే. "రెండు రోజులాగి నువ్వే చూద్దువుగాని."

ఆగలేదు. నేను మెట్లెక్కుతుండగానే స్ప్రే గన్ను చప్పుడు వినిపించింది. సాయంత్రానికి మొదటి టాక్సీ తలుపులు రెండిటికీ ఆ రంగే పడింది.

మంచం మీద పడి ఏడ్చాను. వాళ్ళు నవ్వినందుకు కాదు. నా మాట నిజమో కాదో నాకే తెలియనందుకు. అంతకు ముందు ఏడాది ఒక ఎర్ర కారు విషయంలో కూడా ఇలాగే జరిగింది. అదీ ఆ వారంలోనే. రంగు తప్పిందని నేను గొడవ చేశాను, సరిగ్గా కుదిరిందని బావగారు తీర్పు చెప్పారు. నేను కుదుటపడి మళ్ళీ చూద్దామనుకునేసరికి కారు వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నా కంటికి నేనే పూచీ ఇవ్వలేకపోతున్నాను.

ఇంకో పక్క అనుమానం తన పని తాను చేసుకుపోతోంది. ఉన్నట్టుండి కొత్త డీలరు ఎందుకు? పాతవాడికేమైంది? చూడగానే తెలిసిపోయే తేడాను బానే ఉందని ఎందుకంటారు? ఆ డీలరుకూ ఈయనకూ మధ్య ఏదో ఉంది. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంటే ఒక ఆలోచన తట్టింది. ఈ అనుమానంలో ఒంటి వాటా ఎంత, బయటి వాటా ఎంత? ఒంటి వాటా ఎలాగైనా తీసేస్తే, మిగిలింది నిజం అవుతుంది కదా. డాక్టరు దగ్గరకు అందుకే వెళ్ళాను. బాధ తగ్గించుకోవాలని కాదు, బావగారిని పట్టుకోవాలని.

డాక్టరమ్మ నాకన్నా చిన్నది. నేను చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. అదే నాకు అనుమానంగా అనిపించింది.

"నెలసరి రాగానే తగ్గిపోతున్నాయా ఇవన్నీ?"

"స్విచ్చి కట్టేసినట్టు."

"దీన్ని పీఎంఎస్ అంటారు. చాలామందికి ఉంటుంది, చాలామంది చెప్పరు. రోజుకెన్ని కాఫీలు తాగుతారు?"

"లెక్క పెట్టలేదు."

"లెక్క పెడితే భయమేస్తుందనా?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. కాఫీ తగ్గించాలి. ఉప్పు, తీపి, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్ళు తగ్గించాలి. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా తినాలి. పాలు, ఆకుకూరలు, చిక్కుళ్ళు ఎక్కువ తినాలి. రోజూ చురుగ్గా నడవాలి, ఆ వారం ఒక్కటే కాదు, అన్ని వారాలూ. ఒకే వేళకు పడుకోవాలి. రంగుల గదిలో కిటికీ తెరవాలి, ముఖానికి మాస్కు పెట్టుకోవాలి.

"మాత్రలేవీ లేవా?"

"ఉన్నాయి. ముందు ఇవి చేసి చూద్దాం. రెండు మూడు నెలలు పడుతుంది. తగ్గకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన వచ్చినా ఆగొద్దు, వెంటనే రండి."

"చేస్తే పూర్తిగా పోతుందా?"

"పోతుందని చెప్పను. ఇప్పుడు మీ నెత్తిన కూర్చుంది కదా, దిగి పక్కన కూర్చుంటుంది."

"అనుమానం కూడానా?"

"ఎవరి మీద?"

"మా బావగారి మీద."

"అది నా చేతిలో ఉందో లేదో మీరే చూసి చెప్పాలి," అంది డాక్టరమ్మ.

మొదటి వారం నరకం. కాఫీ లేక తల బద్దలైపోయింది. ఇదంతా డాక్టరుకూ తలనొప్పి మాత్రల కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం అని గట్టిగా నమ్మాను. అయినా మానలేదు. తెల్లవారగానే గొడుగు వేసుకుని, మూసి ఉన్న దుకాణాల ముందు నుంచి బస్సు డిపో దాకా నడిచి వచ్చేదాన్ని. చెప్పుల్లో నీళ్ళు, చీర అంచుకు బురద. మా అత్తగారు బాల్కనీలో నిలబడి నేను మలుపు తిరిగేదాకా చూసేది. నా మీద అనుమానం పడటం ఇప్పుడు ఆవిడ వంతు.

"ఇంత వానలో నడకేంటే? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"నడుస్తోందనుకుంటారు అత్తయ్యా."

"డిపో దగ్గర ఎవరున్నారు?"

"బస్సులున్నాయి."

రెండో రోజు ఆవిడ కూడా గొడుగు తీసుకుని బయల్దేరింది. సగం దూరం వచ్చి, బస్సులే ఉన్నాయని నిర్ధారించుకుని, మోకాళ్ళు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఉప్పు దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. నేను కూరలో ఉప్పు సగానికి తగ్గించి దింపుతాను. వడ్డించేసరికి మళ్ళీ పాత రుచే. మొదట నా నాలుకను అనుమానించాను. తర్వాత ఉప్పు డబ్బాను అనుమానించాను. ఒక మధ్యాహ్నం స్నానానికని చెప్పి తలుపు చాటున నిలబడ్డాను. అత్తగారు అటూ ఇటూ చూసి, పిడికిట్లో దాచుకున్న ఉప్పు గిన్నెలో వేసి, ఏమీ ఎరగనట్టు గరిటె తిప్పుతోంది.

"అత్తయ్యా!"

ఉలిక్కిపడి గరిటె వదిలేసింది. "చప్పిడి తిండి తింటే మనిషికి సత్తువుంటుందా? నువ్వు తింటావు, సరే. నా కొడుకులేం పాపం చేశారు?"

"అదేదో ముందే చెప్పొచ్చుగా. నాది నేను తీసుకున్నాక మీది మీరు వేసుకోండి."

ఆవిడ మళ్ళీ గరిటె అందుకుంది. తర్వాత నా వైపు చూడకుండా అంది. "నాకూ ఉండేదే ఆ గోల. ఊడ్చిన ఇల్లే మళ్ళీ మళ్ళీ ఊడ్చేదాన్ని. మీ మామగారు ఆ నాలుగు రోజులూ షెడ్డులోంచి పైకొచ్చేవారు కాదు. దానికో పేరుందని, డాక్టరుకు చెప్పుకోవచ్చని మాకెవరు చెప్పారు?"

నాకు ఆవిడను గట్టిగా పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు, ఉప్పు డబ్బా అందించాను. ఆ రోజు నుంచి నా గిన్నె వేరు చేశాకే ఆవిడ ఉప్పు వేసేది.

ఒక నెల తిరిగింది. తలనొప్పి వచ్చింది కానీ మంచాన పడెయ్యలేదు. నిద్ర పట్టింది. కోపం వచ్చింది, కానీ అది వస్తున్నట్టు నాకు ముందే తెలిసింది. ఉంగరం ఆలస్యంగా కొక్కేనికెక్కి, త్వరగా వేలికొచ్చింది. డాక్టరమ్మ మీద అనుమానం పోయింది. పక్కింటావిడ మీద పోయింది. మా ఆయన ఫోను సంగతి నాకు పట్టనే లేదు. బావగారి మీద మాత్రం అణువంతైనా తగ్గలేదు, పైగా పెరిగింది.

ఎలా పెరగదు? కుదుటపడ్డాక చూసినా ఆ వెండి వంగితే నల్లగానే ఉంది, చెప్తే అన్నయ్య బానే ఉందన్నాడుగా అని మా ఆయన తోసేశాడు. కొత్త డబ్బాలు వస్తే ఆయన లోపలి గదిలోకి తీసుకెళ్ళి ట్యూబులైటు కింద మూత తీసేవారు. బయటి వెలుగులోకి తెచ్చేవారు కాదు. కాగితం ఏదైనా వస్తే, "కళ్ళజోడు పైనుంది, నువ్వు చదువు" అని పెయింటరు చేతికిచ్చేవారు. కళ్ళజోడు చొక్కా జేబులోనే కనిపిస్తుండేది. స్కూటరు తీయడం మానేశారు. పొద్దు వాలకముందే పని చాలించి గదికి వెళ్ళిపోయేవారు. టాక్సీల యజమాని వస్తే కారు వైపు వీపు పెట్టి మాట్లాడేవారు. ఆ యజమాని కూడా బళ్ళు తిరిగితే చాలనుకునే రకం, తలుపులు తట్టి చూసి వెళ్ళిపోయేవాడు.

ఒక సాయంత్రం ఇదంతా మా ఆయన ముందు పెట్టాను.

"కాగితాలు పెయింటరు చేత ఎందుకు చదివిస్తున్నారంటారు? రేపేదైనా తేడా వస్తే, 'నేను చూడలేదు, వాడు చదివాడు' అనడానికి. డీలరుతో ఏదో మంతనం నడుస్తోంది."

మా ఆయన అలవాటుగా నా చేతి వైపు చూశాడు. ఉంగరం వేలికే ఉంది. గడ్డం గోక్కున్నాడు.

"చూశారుగా. ఉంగరం ఉంది, అనుమానమూ ఉంది. ఇప్పుడేమంటారు?"

"నాలుగో వారం పొర్లి మూడో వారంలోకి వచ్చిందంటాను," అని అటు తిరిగి పడుకున్నాడు.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఇనుము ఆయన చేతికి తెలుస్తుంది, రంగు కంటికి తెలియదు. అన్నయ్య అబద్ధం చెప్తాడన్నది ఆయన తలకెక్కదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం కూడా కాదు. ఆయన కుందేలును అన్నయ్యే పట్టాలి, కాళ్ళు అన్నయ్యే లెక్కపెట్టాలి.

తర్వాతి నెల, ఆ వారం మొదలైన రోజునే, భోజనాల దగ్గర బావగారు ఆ మాట తెచ్చారు. వేళ్ళు కొద్దిగా బిగిసినట్టున్నా ఆ నెల ఉంగరం తీయాల్సిన అవసరం ఇంకా రాలేదు.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?" అన్నారు ముందుగా. ఆయన నా ఒంటి సంగతి అడిగారంటేనే నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"బాగుంది బావగారూ."

"రంగు చూసే యంత్రం వచ్చిందటరా," అన్నారు తమ్ముడితో. "కారు ఒంటికి ఆనిస్తే చాలు, ఏది ఎంత కలపాలో అదే చెప్తుందట. డీలరు పంపిస్తానంటున్నాడు. అమ్మాయి ఇక ఆ గదిలో కూర్చోనక్కర్లేదు. ఆ వాసన మంచిది కాదని డాక్టరే చెప్పింది కదా. నెలనెలా ఈ అవస్థ ఎందుకు? హాయిగా పైన ఉంటుంది."

డీలరు! నేను అనుకున్నదే. నా వైద్యం తెచ్చి నాకే అడ్డం పెడుతున్నారు. యంత్రాలు మంచివే కావచ్చు, కానీ నన్ను గదిలోంచి లేపడానికి వచ్చే యంత్రం మీద నాకు గౌరవం ఎలా కలుగుతుంది? ఆ షెడ్డులో నాదంటూ ఉన్నది ఆ గది ఒక్కటే. అక్కడి నుంచి లేచానంటే ఇక మూడు వారాలు కూడా నా మాటకు దిక్కుండదు.

మా ఆయన, "ఆలోచిద్దాం అన్నయ్యా" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకు సరే అని అర్థం.

రెండు నెలల కిందటైతే కంచం గోడకు తగిలి ఉండేది. ఆ రోజు నీళ్ళు తాగాను. కంచం తీసి కడిగాను. ఈ కోపాన్ని రేపు పొద్దుటి దాకా ఒలకకుండా మోయగలనని తెలిసింది. అదివరకు నాకు ఆ సంగతి తెలియదు.

మర్నాడు నడిచి వచ్చి తిన్నగా షెడ్డులోకి వెళ్ళాను. వాన తెరిపిచ్చింది. పాత డీలరు డబ్బాలో అడుగున మిగిలిన వెండి రంగు కొన్ని రేకుల మీద, కొత్త డబ్బాది కొన్నిటి మీద కొట్టి ఆరబెట్టాను. ముగ్గురూ వచ్చాక, సబ్బు రాసి వాళ్ళ ముందే ఉంగరం లాగి బల్ల మీద పెట్టాను.

"ఇదిగో, తీసేశాను. అవును, ఆ వారమే. తల కొంచెం బరువుగా ఉంది. ఏడుపు గొంతులోనే ఉంది. అయినా నా కన్ను సరిగా ఉందో లేదో ఇప్పుడే తేల్చండి. రేకుల వెనక మేకుతో గుర్తు పెట్టి, కలిపి చూపించండి. ఒక్కటి తప్పినా ఆ యంత్రాన్ని తెచ్చుకోండి, నేను పైనే ఉంటాను."

"పొద్దున్నే ఇదేం గోల?" అన్నారు బావగారు.

మా ఆయన మాత్రం నన్ను వింతగా చూశాడు. ఆ వారంలో నేను అరవకుండా మాట్లాడటం ఆయన వినడం అదే మొదలు. రేకులు తీసుకుని, వెనక్కి తిరిగి గీతలు గీసి, గుమ్మం దగ్గర వెలుగులో ఒక్కొక్కటే చూపించాడు.

"పాతది," అన్నాను. "కొత్తది. కొత్తది. పాతది."

ప్రతిదాన్నీ తిప్పి చూసుకుంటున్నాడు. మళ్ళీ కలిపాడు. మళ్ళీ అన్నీ చెప్పాను. మొండితనం వచ్చినట్టుంది, అలమరలోంచి తెల్లరంగుల రేకులు తెచ్చాడు, పాల తెలుపు, ముత్యపు తెలుపు, మీగడ రంగు. అవీ చెప్పాను. ముఖంలో నవ్వు పోయింది. చేతిలోని రేకుల వైపు, బయట ఆరుతున్న టాక్సీ తలుపు వైపు చూశాడు. మొదటిసారి పక్కకు వంగి చూశాడు.

"అన్నయ్యా, నువ్వూ ఓసారి చూడు," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. రంగు మాట వస్తే చివరగా అన్నయ్యను అడగడం ఆయనకు అలవాటు, అంతే.

"నాకెందుకురా పరీక్షలు? పనుంది."

"ఒక్కసారి."

పాల తెలుపు రేకూ మీగడ రంగు రేకూ ఆయన చేతిలో పెట్టాడు. వీధిలో పోయే ఎవరినడిగినా చెప్పేంత తేడా. బావగారు వాటిని దగ్గరగా పెట్టుకున్నారు. దూరంగా పెట్టుకున్నారు. గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం వైపు పట్టుకున్నారు. పెయింటరు ఎమరీ కాగితం రుద్దడం ఆపేశాడు.

"రెండూ ఒకటే," అన్నారు. "తెలుపే కదా."

చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏం? కాదా?"

మా ఆయన మెల్లగా ఆ రేకులు తీసుకున్నాడు. "వాన వెలుతురు కదా అన్నయ్యా," అన్నాడు.

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన గెలుపు నా కాళ్ళ దగ్గరకొచ్చింది. దెప్పడానికి నాలుగు మాటలు సిద్ధంగా కూడా ఉన్నాయి. అవేవీ అనకుండా, మొదటిసారి కొత్త డబ్బాను పాతదాని పక్కన పెట్టి అంకెలు చదివాను. ఒక్క అంకె తేడా. డీలరు పొరపాటున పంపాడు, ఈయన చదవలేదు. మంతనమూ లేదు, పాడూ లేదు. రంగు దగ్గర నా అనుమానం తప్పలేదు కానీ మనిషి దగ్గర తప్పింది.

అంతలోనే ఇంకో అనుమానం లేచింది. తన కళ్ళ సంగతి ఆయనకు తెలుసా, తెలియదా? దాన్ని కడుపులో పెట్టుకుని ఉండలేక, సాయంత్రం ఆయన గదికి వెళ్ళాను. దీపం వేసుకోకుండా కూర్చున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి బావగారూ?"

"పోయినేడాది నుంచి మసకేస్తోంది," అన్నారు. "వయసు కదా, అదే సర్దుకుంటుందనుకున్నాను."

"ఎర్ర కారు?"

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "నాకు సరిగా కనిపించలేదు."

"మరి తప్పు నా మీద వేశారే."

"నేనేం వేశానమ్మా? కొక్కెం సంగతి అడిగాను, అంతే. మిగతాది వాళ్ళే అనేసుకున్నారు." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. "తేలిగ్గా జరిగిపోయింది. ఇంకోసారీ జరిగిపోయింది. కళ్ళు కనిపించవని తెలిస్తే ఇక నన్నెవరు లెక్కచేస్తారు?"

"నన్ను మాత్రం గదిలోంచి లేపెయ్యొచ్చా?"

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది, జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. రెండిట్లో ఏదీ ఆ వారానిది కాదు.

కంటి డాక్టరు శుక్లాలన్నాడు, ఆపరేషను చేస్తే చూపొస్తుందన్నాడు. యంత్రం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. డబ్బాలు వెనక్కి వెళ్ళాయి. అప్పటికే రంగు పడిన టాక్సీలు మాత్రం ఊరంతా తిరుగుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే పిలిపించి మళ్ళీ వేయాలని మా ఆయన పట్టుబట్టాడు.

ఆపరేషనుకు ముందు రోజుల్లో ఇంట్లో ఒక చిత్రం జరిగింది. బావగారు ఏమన్నా అత్తగారు కొట్టిపారేసేది. కూరలో కారం ఎక్కువైందంటే, "వాడికి కనిపించదులే" అనేది. కారానికీ కంటికీ సంబంధమేంటని ఎవరూ అడగలేదు. ఆయన మాట్లాడటం తగ్గించారు. నేను సంతోషించాలి. రెండు రోజులు సంతోషించాను కూడా. మూడో రోజు, "కారం ఎక్కువే అయింది అత్తయ్యా" అన్నాను. ఆయన తలెత్తి నా గొంతు వినిపించిన వైపు చూశారు.

వానలు వెనకబట్టాయి. నేను నడుస్తూనే ఉన్నాను. ఇప్పటికీ ఆ వారం వస్తుంది, పక్కన కూర్చుంటుంది, కొన్నిసార్లు మోచేత్తో పొడుస్తుంది కూడా. కంటికట్టు విప్పిన మర్నాడు బావగారు నల్లద్దాలు పెట్టుకుని షెడ్డు గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నారు. చిన్నపిల్లాడిలా అన్నిటినీ చూస్తున్నారు. చెట్టు ఆకులు ఇంత పచ్చగా ఉన్నాయా అన్నారు, అమ్మ జుట్టు ఇంత తెల్లబడిందా అన్నారు. అప్పుడే మళ్ళీ రంగు వేయించుకోవడానికి ఒక టాక్సీ వచ్చి ఆగింది. ఎండలో దాని బానెట్టు మెరుస్తోంది, తలుపులు రెండూ మసిబారి ఉన్నాయి.

బావగారు నల్లద్దాలు తీసి చూశారు. లేచి దగ్గరకు వెళ్ళి, పక్కకు వంగి చూశారు.

"ఇదేంటమ్మా ఈ తలుపులు? ఎవడు వేశాడీ రంగు?"

"మనమే వేశాం బావగారూ."

"మనమా?" తలుపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు. తర్వాత మా వైపు తిరిగి, నిజంగానే కోపంగా అడిగారు. "ఇంత తేడా ఉంటే నాకెవరూ చెప్పలేదేం?"

మా ఆయన సుత్తి ఆగింది. మెట్ల మీద అత్తగారు నిలబడిపోయింది.

"నేను చెప్పాను," అన్నాను.